వర్డ్‌ప్రెస్ ప్లగిన్లలో ఎక్స్‌ఎస్‌ఎస్ లోపాలు: సైట్ నడిపేవాళ్లకీ, ప్లగిన్ రాసేవాళ్లకీ సమగ్ర మార్గదర్శి

2023 మే 2న ప్యాచ్‌స్టాక్ అనే సెక్యూరిటీ సంస్థలోని పరిశోధకుడు ఒకరు అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్‌లో క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ (ఎక్స్‌ఎస్‌ఎస్) లోపం పట్టుకున్నారు. అప్పటికి ఆ ప్లగిన్ 20 లక్షలకు పైగా వర్డ్‌ప్రెస్ సైట్లలో ఉంది. మే 4న 6.1.6 వెర్షన్‌తో ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చేసింది, ఆ వెంటనే లోపం వివరాలు బయటికొచ్చాయి. ఆ వివరాల్లో ఉన్న నమూనా కోడ్‌నే ఎవరో కాపీ కొట్టి, 24 గంటలు గడవకముందే దొరికిన సైటునల్లా తడమడం మొదలుపెట్టారని అకమై సంస్థ గమనించింది.

అంటే ప్యాచ్ వచ్చాక ‘ఆదివారం తీరిగ్గా చూద్దాం’ అనుకునే వ్యవధి మనకు లేదు. ప్లగిన్ రాసేవాళ్లకైతే ఈ కేసులో ఇంకా పెద్ద పాఠం ఉంది. లోపం ఎక్కడో లోతుగా లేదు, ఒక్క లైన్‌లో ఉంది. ఆ లైన్ దగ్గరికి తర్వాత వద్దాం. ముందు అసలు నష్టం ఎలా జరుగుతుందో చూడాలి, ఎందుకంటే చాలామంది సైట్ ఓనర్లు ఎక్స్‌ఎస్‌ఎస్ అంటే ‘ఏదో పాప్‌అప్ బాక్స్ వస్తుందంతే కదా’ అనుకుంటారు.

అడ్మిన్ బ్రౌజర్‌లో జరిగేది

ఎక్స్‌ఎస్‌ఎస్‌లో దాడి చేసేవాడు మీ సర్వర్‌లోకి చొరబడడు. వాడు రాసిన జావాస్క్రిప్ట్‌ను మీ సైటే మీ బ్రౌజర్‌కి ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని మీ సైట్ సొంత కోడ్ అనుకుని నడిపేస్తుంది. మామూలు పాఠకుడి బ్రౌజర్‌లో నడిస్తే వాళ్లను ఏ మోసపు పేజీకో తోసేస్తుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లో నడిస్తే సైట్ మొత్తం పోయినట్టే.

ఎక్స్‌ఎస్‌ఎస్‌తో కుకీలు దొంగిలిస్తారని పాత పాఠాల్లో చెబుతుంటారు. వర్డ్‌ప్రెస్ లాగిన్ కుకీలకు హెచ్‌టీటీపీ-ఓన్లీ గుర్తు ఉంటుంది కాబట్టి జావాస్క్రిప్ట్ వాటిని చదవలేదు. కానీ చదవాల్సిన అవసరమే రాదు. ఆ స్క్రిప్ట్ తెర వెనక ‘కొత్త యూజర్‌ను చేర్చండి’ పేజీ తెరుస్తుంది, రిక్వెస్ట్ మీ పేజీ నుంచే వచ్చిందని చూపడానికి అందులో దాచిన నాన్స్ టోకెన్‌ను చదువుకుంటుంది, అడ్మినిస్ట్రేటర్ హోదాతో ఒక కొత్త అకౌంట్ సృష్టిస్తుంది. సర్వర్ దృష్టిలో ఆ పని చేసింది మీరే. మీకు టూ-ఫ్యాక్టర్ లాగిన్ ఉన్నా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మీరు ఓటీపీ కొట్టి లోపలికి వచ్చిన తర్వాతే ఇదంతా జరుగుతోంది. ఆ తర్వాత డ్యాష్‌బోర్డ్‌లోని థీమ్ ఎడిటర్ తెరిచి ఏదో ఒక ఫైల్‌లో పీహెచ్‌పీ కోడ్ చేర్చితే, బ్రౌజర్‌లో మొదలైన దాడి సర్వర్‌కి ఎక్కేస్తుంది.

ఇది ఊహ కాదు. 2023లో ట్యాగ్‌డివ్ కంపోజర్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడ్డాక బలాడా ఇంజెక్టర్ ముఠా సరిగ్గా ఇదే చేసింది. న్యూస్‌పేపర్, న్యూస్‌మ్యాగ్ అనే థీమ్‌లతో కలిసి వచ్చే ప్లగిన్ అది. ఆ సెప్టెంబర్‌లో బలాడా బారిన పడిన 17,000 పైచిలుకు సైట్లలో 9,000కు పైగా ఈ లోపం వల్ల పోయినవేనని సుకూరి సంస్థ లెక్కగట్టింది. థీమ్‌లోని 404 పేజీ ఫైల్‌లో బ్యాక్‌డోర్ (మళ్లీ దొంగచాటుగా లోపలికి రావడానికి దారి) పెట్టడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. ఎవరూ తెరిచి చూడని ఫైల్ కదా.

ఎక్స్‌ఎస్‌ఎస్‌లో మూడు రకాలు చెబుతారు. లింక్‌లో దాచిన కోడ్ అప్పటికప్పుడు పేజీలో ప్రతిఫలిస్తే రిఫ్లెక్టెడ్. డేటాబేస్‌లో చేరి, పేజీ తెరిచిన ప్రతిసారీ నడిస్తే స్టోర్డ్. సర్వర్ ప్రమేయం లేకుండా పేజీలోని జావాస్క్రిప్టే బయటి విలువను తప్పుగా వాడుకుంటే డామ్ రకం (డామ్ అంటే బ్రౌజర్ లోపల పేజీకి ఉండే రూపం). వీటిలో లాగిన్ లేకుండానే ఎవరైనా చేయగలిగే స్టోర్డ్ రకం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే మీరు ఏ లింకూ నొక్కక్కర్లేదు, రోజూ చూసే డ్యాష్‌బోర్డ్ తెరిస్తే చాలు.

సైట్ నడిపేవాళ్లకు

*మొదట ప్లగిన్ల లెక్క తేల్చండి.* డ్యాష్‌బోర్డ్‌లో ప్లగిన్ల పేజీ తెరిచి, ప్రతిదాని ఎదురుగా మూడు సంగతులు రాసుకోండి: అది ఇప్పుడు ఏ పనికి వాడుతున్నారు, వెర్షన్ ఎంత, అధికారిక డైరెక్టరీలో దాని పేజీ ఇంకా ఉందా. మూడోది చాలామంది చూడరు. ఏదైనా ప్లగిన్‌లో లోపం దొరికి, రాసినవాళ్లు పట్టించుకోకపోతే వర్డ్‌ప్రెస్ బృందం దాన్ని డైరెక్టరీ నుంచి మూసేస్తుంది. కానీ ఆ సంగతి మీ డ్యాష్‌బోర్డ్ మీకు చెప్పదు. అప్‌డేట్ ఏదీ రావడం లేదు కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది, లోపల మాత్రం లోపం అలాగే ఉంటుంది.

వాడని ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేయకండి, డిలీట్ చేయండి. ఇక థీమ్‌తో పాటు కలిసి వచ్చిన ప్లగిన్ల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. వాటి అప్‌డేట్లు మామూలు దారిలో రావు, థీమ్ కొన్న లైసెన్స్ ద్వారా వస్తాయి. సైట్ కట్టిచ్చిన ఫ్రీలాన్సర్ తన లైసెన్స్‌తో థీమ్ వేసి వెళ్లిపోయి ఉంటే, అప్‌డేట్ ఆగిపోయిందన్న సంగతే మీకు తెలియదు. ట్యాగ్‌డివ్ లాంటి కేసుల్లో ఇబ్బంది ఇక్కడే. క్రాక్ చేసిన ప్రీమియం థీమ్‌ల గురించి ఒక్క మాట చాలు: వద్దు.

*తర్వాత ఆ వెర్షన్లను లోపాల జాబితాలతో పోల్చండి.* వర్డ్‌ఫెన్స్, ప్యాచ్‌స్టాక్, డబ్ల్యూపీస్కాన్ అనే మూడు సంస్థలు ప్లగిన్ల వారీగా లోపాల జాబితాలు నడుపుతున్నాయి. ప్లగిన్ పేరు కొట్టి వెతకొచ్చు. అక్కడ స్కోర్ కంటే ముందు చూడాల్సింది ‘ఎవరు చేయగలరు’ అన్నది. అన్‌ఆథెంటికేటెడ్ అని ఉంటే లాగిన్ లేకుండా ఎవరైనా చేయగలరని అర్థం. కాంట్రిబ్యూటర్ ప్లస్ అని ఉంటే మీ సైట్‌లో రాసే అకౌంట్ ఉన్నవాళ్లు చేయగలరు. అడ్మిన్ ప్లస్ అని ఉంటే ఒంటరిగా నడిపే సైట్‌కి పెద్ద కంగారు లేదు.

సీవీఎస్‌ఎస్ స్కోర్ (లోపం తీవ్రతకు పదికి వేసే మార్కు) ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. మామూలుగా రిఫ్లెక్టెడ్ లోపానికి 6.1, కాంట్రిబ్యూటర్ స్థాయి స్టోర్డ్ లోపానికి 6.4, లాగిన్ అక్కర్లేని స్టోర్డ్ లోపానికి 7.2 వేస్తుంటారు. అంకెల్లో తేడా సుమారు ఒక్క పాయింట్. ఆచరణలో మాత్రం మొదటిదానికి ఎవరో ఒకరు అడ్మిన్ చేత లింక్ నొక్కించాలి. చివరిదాన్ని ఒక బాట్ వేల సైట్ల మీద రాత్రికి రాత్రే నడిపేయగలదు. బయటివాళ్లెవరికీ అకౌంట్ ఇవ్వని సైట్‌లో 6.4 లోపం వారం ఆగొచ్చు. పాఠకుల చేత వ్యాసాలు రాయించే పత్రిక సైట్‌లో అదే 6.4 ఆ రోజే మూసేయాల్సింది.

*అప్‌డేట్ పద్ధతి పెట్టుకోండి.* 2020 ఆగస్టులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ప్లగిన్లకు ఆటో అప్‌డేట్ ఉంది. ఫారాలు, గణాంకాలు, కుకీ నోటీసులు, పాప్‌అప్‌లు, క్యాషింగ్ లాంటి ప్లగిన్లకు ఆన్ చేసేయండి. బయటి నుంచి వచ్చే డేటాను ముట్టుకునేవి ఇవే, దాడులు ఎక్కువగా వచ్చేవీ వీటి మీదే. ఉదాహరణకు పాప్‌అప్ బిల్డర్ 4.2.3 వెర్షన్ రాకముందు ఉన్న లోపాన్ని 2023 డిసెంబర్ నుంచి అదే బలాడా ముఠా వాడుకుంది. పేమెంట్లు, పేజీ బిల్డర్ లాంటివి అప్‌డేట్‌తో విరిగిపోతాయన్న టెన్షన్ ఉంటే వాటికి స్టేజింగ్ కాపీ పెట్టుకుని, ముందు అక్కడ చూసి తర్వాత అసలు సైట్‌కి తేండి. రోజువారీ బ్యాకప్ మాత్రం తప్పనిసరి, అది హోస్టింగ్ ఉన్న సర్వర్‌లోనే ఉంటే లెక్కలోకి రాదు.

ప్యాచ్ ఇంకా రాకపోతే ఏం చేయాలి? అన్‌ఆథెంటికేటెడ్ లోపమైతే ప్లగిన్ ఆపేయండి. ఫైర్‌వాల్ ప్లగిన్లు వర్చువల్ ప్యాచ్ ఇస్తాయి, అంటే తెలిసిన దాడి ఆకారాన్ని దారిలోనే ఆపుతాయి. మంచిదే, కానీ వర్డ్‌ఫెన్స్ ఉచిత వెర్షన్‌కు కొత్త రూల్స్ 30 రోజులు ఆలస్యంగా వస్తాయని గుర్తుపెట్టుకోండి. ఇందాక చెప్పిన 24 గంటల పక్కన ఈ 30 రోజులు పెట్టి చూడండి.

*అడ్మిన్ అకౌంట్‌ను వీలైనంత తక్కువ వాడండి.* నన్ను అడిగితే ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చే అడుగు ఇదే. రోజూ వ్యాసాలు పెట్టడానికి ఆథర్ హోదాతో వేరే అకౌంట్ పెట్టుకోండి. ఎడిటర్ ఎందుకు వద్దంటే, మల్టీసైట్ కాని మామూలు సైట్‌లో ఎడిటర్‌కీ అడ్మిన్‌కీ వడకట్టని హెచ్‌టీఎంఎల్ రాసే అనుమతి ఉంటుంది, ఆథర్‌కి ఉండదు. అడ్మిన్ పనులకు బ్రౌజర్‌లో ప్రత్యేకంగా ఒక ప్రొఫైల్ పెట్టుకుని, అందులో ఇంకేదీ తెరవకండి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ‘మీ సైట్‌లో ఈ పేజీ పనిచేయడం లేదు’ అంటూ వచ్చిన లింక్ మామూలు ప్రొఫైల్‌లో తెరుచుకుంటుంది, అక్కడ మీరు అడ్మిన్ కాదు కాబట్టి రిఫ్లెక్టెడ్ దాడి వట్టిపోతుంది.

సైట్ కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు సెట్టింగ్‌లు పెట్టించండి. డిజాలో_ఫైల్_ఎడిట్ అనేది డ్యాష్‌బోర్డ్ నుంచి థీమ్, ప్లగిన్ ఫైళ్లను మార్చే ఎడిటర్‌ను మూసేస్తుంది. పైన చెప్పిన 404 ఫైల్ దారి దీనితో మూతపడుతుంది. అయితే కొత్త ప్లగిన్‌ను అప్‌లోడ్ చేసే దారి తెరిచే ఉంటుంది. దాన్నీ మూసే సెట్టింగ్ వేరే ఉంది కానీ, అది డ్యాష్‌బోర్డ్ నుంచి అప్‌డేట్లనూ ఆపేస్తుంది, కాబట్టి అప్‌డేట్లు వేరే దారిలో చేసుకోగల టీమ్ ఉంటేనే పెట్టండి. రెండోది డిజాలో_అన్‌ఫిల్టర్డ్_హెచ్‌టీఎంఎల్, అడ్మిన్ రాసిన పోస్టుల్లో కూడా స్క్రిప్ట్‌లను వడకడుతుంది.

కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అనే హెడర్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు. ఏ స్క్రిప్ట్ నడవాలో బ్రౌజర్‌కి ముందే చెప్పే ఏర్పాటు అది. నిజంగానే బలమైనది. కానీ వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డ్ నిండా పేజీలోనే రాసిన ఇన్‌లైన్ స్క్రిప్ట్‌లు ఉంటాయి కాబట్టి అక్కడ గట్టిగా పెడితే డ్యాష్‌బోర్డే పనిచేయదు. పాఠకులు చూసే పేజీలకు ముందు రిపోర్ట్-ఓన్లీ పద్ధతిలో పెట్టి, ఏమేం ఆగిపోతాయో కొన్నాళ్లు గమనించి, తర్వాత అమలు చేయండి. పాత ఎక్స్-ఎక్స్‌ఎస్‌ఎస్-ప్రొటెక్షన్ హెడర్ మీద ఆశ పెట్టుకోకండి, క్రోమ్ తన ఎక్స్‌ఎస్‌ఎస్ ఆడిటర్‌ను 2019లోనే తీసేసింది.

ప్లగిన్ రాసేవాళ్లకు

ఇప్పుడు ఆ ఒక్క లైన్ దగ్గరికి వద్దాం.

వర్డ్‌ప్రెస్ అడ్మిన్ పేజీలో బాడీ ట్యాగ్‌కి క్లాస్ అనే యాట్రిబ్యూట్ ఉంటుంది. ప్లగిన్లు తమ క్లాస్ పేర్లు చేర్చుకోవడానికి కోర్ (వర్డ్‌ప్రెస్ అసలు కోడ్) ఒక ఫిల్టర్ ఇస్తుంది. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ఆ ఫిల్టర్ వాడి, యూఆర్‌ఎల్‌లో పోస్ట్_స్టేటస్ పేరుతో వచ్చిన విలువను ‘వ్యూ-’ అనే మాటకు తగిలించి క్లాస్ జాబితాలో కలిపేది. అప్పట్లో కోర్ ఆ జాబితాను అలాగే డబుల్ కోట్స్ మధ్య ప్రింట్ చేసేది. విలువలో ఒక డబుల్ కోట్ ఉంటే? క్లాస్ అక్కడితో మూసుకుపోతుంది. ఆ కోట్ తర్వాత వచ్చేది కొత్త యాట్రిబ్యూట్ అవుతుంది. అది ఆన్‌లోడ్ లాంటి ఈవెంట్ అయితే పేజీ తెరుచుకోగానే స్క్రిప్ట్ నడుస్తుంది. ఎక్కడా ఒక్క < గుర్తు కూడా అక్కర్లేదు. సీవీఈ-2023-30777 (ఈ లోపానికిచ్చిన గుర్తింపు నంబర్) అంటే ఇంతే. ఆ విలువను ఎస్క్_యాట్ర్() ఫంక్షన్‌లో చుట్టడమే పరిష్కారం.

ఇక్కడ చాలామంది ప్లగిన్ డెవలపర్లు ‘నేను శానిటైజ్_టెక్స్ట్_ఫీల్డ్() పెట్టాను కదా’ అంటారు. ఆ ఫంక్షన్ ట్యాగ్‌లు తీసేస్తుంది, అదనపు ఖాళీలు తీసేస్తుంది, కోట్స్‌ను మాత్రం ముట్టుకోదు. ఇన్‌పుట్‌లోని కోట్స్‌కి వర్డ్‌ప్రెస్ బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది కదా అంటారా, హెచ్‌టీఎంఎల్‌లో బ్యాక్‌స్లాష్‌కి ఏ విలువా లేదు, కోట్ కోట్‌లాగే మూసుకుంటుంది. లోపలికి వచ్చేటప్పుడు శుభ్రం చేయడం మంచి అలవాటే. రక్షణ మాత్రం బయటికి ప్రింట్ చేసే ఆఖరి క్షణంలో, అది పడే చోటుకు తగిన ఎస్కేప్‌తోనే (కోట్స్ లాంటి గుర్తులను ప్రమాదం లేని రూపంలోకి మార్చడంతోనే) వస్తుంది. ఒకే విలువ ఐదు చోట్ల పడితే ఐదు రకాలుగా ఎస్కేప్ చేయాల్సి రావచ్చు. ఇన్‌పుట్ దగ్గర ఒకసారి చేసి ఇక సేఫ్ అనుకోవడం వల్లే ఈ లోపాల్లో అధిక భాగం పుడుతున్నాయి.

*చోటును బట్టి ఫంక్షన్.* ట్యాగ్‌ల మధ్య మామూలు మాటలైతే ఎస్క్_హెచ్‌టీఎంఎల్(). యాట్రిబ్యూట్ లోపలైతే ఎస్క్_యాట్ర్(), అదీ కోట్స్ మధ్యే. కోట్స్ లేని యాట్రిబ్యూట్‌లో ఒక్క ఖాళీ చాలు, బయటపడిపోతుంది. లింక్‌లూ బొమ్మల అడ్రస్‌లూ అయితే ఎస్క్_యూఆర్‌ఎల్(). ఇక్కడ ఎస్క్_యాట్ర్() సరిపోదు, ఎందుకంటే ‘జావాస్క్రిప్ట్:’ అని మొదలయ్యే అడ్రస్‌లో కోట్స్ ఉండక్కర్లేదు. బోల్డ్, లింక్ లాంటి కొన్ని ట్యాగ్‌లను అనుమతించాల్సిన చోట డబ్ల్యూపీ_కేసెస్() కానీ, డబ్ల్యూపీ_కేసెస్_పోస్ట్() కానీ. పీహెచ్‌పీ విలువను స్క్రిప్ట్‌లోకి పంపాలంటే కోట్స్ మధ్య అతికించొద్దు, డబ్ల్యూపీ_జేసన్_ఎన్‌కోడ్()తో మార్చి డబ్ల్యూపీ_యాడ్_ఇన్‌లైన్_స్క్రిప్ట్() ద్వారా పంపండి. ఆన్‌క్లిక్ లాంటి ఈవెంట్ యాట్రిబ్యూట్‌లలో యూజర్ విలువను అసలు పెట్టొద్దు. బ్రౌజర్ ముందు హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్‌ను విప్పేసి, తర్వాత జావాస్క్రిప్ట్‌గా నడుపుతుంది కాబట్టి మీరు చేసిన ఎస్కేప్ అక్కడికి చేరేసరికి ఉండదు.

కోర్ ఫంక్షన్ ఇచ్చింది కదా, సురక్షితమే అయ్యుంటుందని కూడా అనుకోవద్దు. 2015 ఏప్రిల్‌లో జెట్‌ప్యాక్, యోస్ట్ ఎస్‌ఈఓ, గ్రావిటీ ఫామ్స్ లాంటి పేరున్న ప్లగిన్లు ఒకేసారి అప్‌డేట్లు విడుదల చేయాల్సి వచ్చింది. అన్నిట్లో ఒకే తప్పు. యాడ్_క్వెరీ_ఆర్గ్() అనే కోర్ ఫంక్షన్ ఇచ్చే యూఆర్‌ఎల్ ఎస్కేప్ అయి వస్తుందని అందరూ నమ్మారు. అధికారిక డాక్యుమెంటేషన్ కూడా ఆ విషయం స్పష్టంగా చెప్పలేదు. నిజానికి అది ప్రస్తుత పేజీ అడ్రస్‌ను ఉన్నదున్నట్టు తిప్పి ఇస్తుంది. ఇప్పటికీ పాత కోడ్ తెరిస్తే ఈ ఫంక్షన్ చుట్టూ ఎస్క్_యూఆర్‌ఎల్() లేని లైన్లు కనిపిస్తుంటాయి. మీ కోడ్‌లో వెతకాల్సిన మొదటి పేరు ఇదే.

*ట్యాగ్ పేరే యూజర్ చేతిలో ఉంటే.* 2021 మార్చిలో ఎలిమెంటర్‌లో వర్డ్‌ఫెన్స్ బయటపెట్టిన లోపం చూడండి. అప్పటికి 70 లక్షల సైట్లలో ఉన్న పేజీ బిల్డర్ అది. హెడింగ్‌కి హెచ్1 కావాలా హెచ్2 కావాలా అని ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఉంటుంది. తెర మీద కనిపించేవి కొద్దిపాటి ఎంపికలే. కానీ బ్రౌజర్ నుంచి సర్వర్‌కి వెళ్లే రిక్వెస్ట్‌ను మార్చి, ఆ చోట ‘స్క్రిప్ట్’ అని రాసి పంపితే సర్వర్ దాన్నే ట్యాగ్‌గా ప్రింట్ చేసేది. కాంట్రిబ్యూటర్ హోదా ఉంటే చాలు. ఇలాంటి చోట ఏ ఎస్కేప్ ఫంక్షనూ కాపాడదు, ఎందుకంటే ‘స్క్రిప్ట్’ అనే మాటలో ఎస్కేప్ చేయాల్సిన అక్షరమే లేదు. అనుమతించిన ట్యాగ్‌ల జాబితా సర్వర్ వైపు పెట్టి, అందులో లేనిదాన్ని నిరాకరించాలి.

పోస్ట్‌లో చదరపు బ్రాకెట్లలో రాసే షార్ట్‌కోడ్‌లదీ ఇదే కథ. కాంట్రిబ్యూటర్ పోస్ట్ సేవ్ చేసినప్పుడు వర్డ్‌ప్రెస్ ట్యాగ్‌లను వడకడుతుంది, కానీ షార్ట్‌కోడ్ యాట్రిబ్యూట్‌లోని మాటలు మీ ప్లగిన్ చేతిలో ఏ రూపం తీసుకుంటాయో దానికి తెలియదు. కలర్, విడ్త్, క్లాస్ అంటూ మీరు తీసుకునే ప్రతి విలువా ప్రింట్ అయ్యే చోట ఎస్కేప్ కావాలి. ఆ డ్రాఫ్ట్‌ను ఎడిటర్ ప్రివ్యూ చేసిన క్షణమే దాడి జరుగుతుంది, పబ్లిష్ అయ్యేదాకా కూడా ఆగదు.

*లాగ్‌లు, నోటీసులు.* అడ్మిన్ తెర మీద కనిపించేదంతా అడ్మిన్ రాసిందే అనుకోవడం ఇంకో ఖరీదైన పొరపాటు. డబ్ల్యూపీ స్టాటిస్టిక్స్ ప్లగిన్ 14.5 వరకు సందర్శకులు వచ్చిన యూఆర్‌ఎల్‌ను సరిగా ఎస్కేప్ చేయకుండా డ్యాష్‌బోర్డ్‌లో చూపేది. దాడి చేసేవాళ్లు స్క్రిప్ట్ కలిపిన అడ్రస్‌తో సైట్‌ను పదే పదే తెరిచారు, ఎందుకంటే ఎక్కువసార్లు తెరిస్తే ‘ఎక్కువమంది చూసిన పేజీలు’ జాబితాలో అది పైకి వస్తుంది. డబ్ల్యూపీ మెటా ఎస్‌ఈఓలో రిఫరర్ హెడర్ ద్వారా వెళ్లారు. లైట్‌స్పీడ్ క్యాష్‌లో ఒక సర్వీస్ నుంచి వచ్చే సందేశాన్ని అడ్మిన్ నోటీసుగా చూపే చోట లోపం దొరికింది, 5.7.0.1లో సరిచేశారు. ఈ మూడింటినీ కలిపి వాడుకుంటున్న దాడులను 2024 మేలో ఫాస్ట్‌లీ సంస్థ వివరించింది. కాబట్టి యూజర్ ఏజెంట్, రిఫరర్, ఫార్వర్డెడ్ ఐపీ హెడర్, 404 లాగ్‌లోని అడ్రస్, అప్‌లోడ్ చేసిన ఫైల్ పేరు, బయటి ఏపీఐ నుంచి వచ్చిన సందేశం, ఇవన్నీ గుర్తు తెలియని మనిషి రాసినవే అనుకుని ఎస్కేప్ చేయండి.

లైట్‌స్పీడ్, ట్యాగ్‌డివ్ కేసుల్లో ఎస్కేప్ లోపానికి తోడు ఇంకోటి ఉంది. బయటి నుంచి రిక్వెస్ట్‌లు అందుకునే రెస్ట్ ఏపీఐ దారికి సరైన అనుమతి తనిఖీ లేదు. పర్మిషన్_కాల్‌బ్యాక్ రాయకపోతే 5.5 నుంచి వర్డ్‌ప్రెస్ హెచ్చరిక చూపుతుంది. ఆ హెచ్చరిక పోవడానికి ‘అందరికీ అనుమతి’ అని రాసేసి ముందుకెళ్లిపోకండి. సెట్టింగ్‌లు మార్చే ప్రతి దారిలో కరెంట్_యూజర్_క్యాన్() ఉండాలి. నాన్స్ తనిఖీ దానికి బదులు కాదు, రిక్వెస్ట్ మీ పేజీ నుంచే వచ్చిందా అన్నది మాత్రమే నాన్స్ చెబుతుంది, పంపినవాడికి ఆ హక్కు ఉందా లేదా అన్నది చెప్పదు.

*జావాస్క్రిప్ట్ వైపు.* పీహెచ్‌పీ అంతా చక్కగా ఎస్కేప్ చేసినా పోయే చోటు ఇది. బొమ్మ కింద క్యాప్షన్‌ను డేటా యాట్రిబ్యూట్‌లో ఎస్క్_యాట్ర్()తో పెట్టారనుకోండి. తప్పేమీ లేదు. లైట్‌బాక్స్ తెరుచుకునేటప్పుడు మీ స్క్రిప్ట్ ఆ విలువను చదువుతుంది. చదివేసరికి బ్రౌజర్ ఎస్కేప్‌ను విప్పేసి అసలు గుర్తులను ఇస్తుంది. దాన్ని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లోనో, జేక్వెరీ .హెచ్‌టీఎంఎల్()లోనో వేస్తే ట్యాగ్‌లు మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. టూల్‌టిప్, స్లైడర్, గ్యాలరీ ప్లగిన్లలో ఇది తరచూ దొరుకుతుంది. మాటలే చూపాలంటే టెక్స్ట్‌కంటెంట్ లేదా .టెక్స్ట్() వాడండి. నిజంగా హెచ్‌టీఎంఎల్ చూపాల్సి వస్తే డామ్‌ప్యూరిఫై లాంటి లైబ్రరీతో వడకట్టండి.

*పరీక్ష.* ఇది లైవ్ సైట్ మీద కాదు, మీ కంప్యూటర్‌లో పెట్టుకున్న కాపీ మీద. వేరేవాళ్ల సైట్ మీద అయితే అసలు వద్దు, అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం కింద నేరమవుతుంది. పరీక్షకు భయంకరమైన కోడ్ ఏదీ అక్కర్లేదు. తేలిగ్గా వెతకగలిగే ఒక మాట, దాని పక్కన డబుల్ కోట్, సింగిల్ కోట్, < గుర్తు, > గుర్తు. ఇలా:

శోధన"'><శోధన

దీన్ని ప్రతి ఫారంలో, ప్రతి షార్ట్‌కోడ్ విలువలో, ప్రతి యూఆర్‌ఎల్ పారామీటర్‌లో పెట్టి, ఆ తర్వాత అది ఎక్కడెక్కడ తేలుతుందో చూడండి. పేజీ సోర్స్‌లో ‘శోధన’ అని వెతకండి. గుర్తులు ఎంటిటీలుగా (& తో మొదలయ్యే కోడ్‌లుగా) మారి ఉంటే సరే. యాట్రిబ్యూట్ లోపల డబుల్ కోట్ అలాగే ఉంటే లోపం దొరికినట్టే. పేజీ సోర్స్ ఒక్కటే కాకుండా బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఎలిమెంట్స్ ప్యానెల్ కూడా చూడండి, డామ్ రకం లోపాలు సోర్స్‌లో కనిపించవు. కాంట్రిబ్యూటర్‌గా ఒక బ్రౌజర్‌లో, అడ్మిన్‌గా ఇంకో బ్రౌజర్‌లో లాగిన్ అయి రెండు వైపులా చూడాలి. వీటికి తోడు పీహెచ్‌పీ కోడ్‌స్నిఫర్‌కి వర్డ్‌ప్రెస్ కోడింగ్ స్టాండర్డ్స్ తగిలిస్తే ఎస్కేప్ లేని ప్రింట్ లైన్లను పట్టిస్తుంది. ప్లగిన్ చెక్ అనే అధికారిక టూల్ కూడా ఉంది. కానీ ట్యాగ్ పేరు కేసునూ, డేటా యాట్రిబ్యూట్ కేసునూ ఇవి పట్టుకుంటాయన్న నమ్మకం లేదు, అవి మనిషే చూడాలి.

ఇప్పటికే దెబ్బ తగిలి ఉంటే

మొదటి జాగ్రత్త: కంగారులో అడ్మిన్‌గా లాగిన్ అయి డ్యాష్‌బోర్డ్ తెరవొద్దు. స్టోర్డ్ ఎక్స్‌ఎస్‌ఎస్ డేటాబేస్‌లో ఉండగా మీరు లాగిన్ అయిన ప్రతిసారీ ఆ స్క్రిప్ట్ మీ అధికారంతో మళ్లీ నడుస్తుంది, తొలగించిన దొంగ అడ్మిన్‌ను మళ్లీ సృష్టిస్తుంది. పని హోస్టింగ్ ప్యానెల్ నుంచి మొదలుపెట్టండి. సైట్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టి, ఉన్నది ఉన్నట్టు ఫైళ్లకూ డేటాబేస్‌కూ ఒక కాపీ తీసుకోండి. దారి ఎలా దొరికిందో తర్వాత తెలియాలంటే ఆ కాపీ, సర్వర్ లాగ్‌లు కావాలి.

లోపం ఉన్న ప్లగిన్ ఫోల్డర్‌ను ఫైల్ మేనేజర్ నుంచి పేరు మార్చేయండి, అది ఆగిపోతుంది. తర్వాత పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (డేటాబేస్‌ను నేరుగా చూపే టూల్) యూజర్ల టేబుల్‌తో పాటు, హోదాలు ఉండే యూజర్‌మెటా టేబుల్ కూడా తెరిచి అడ్మిన్ హోదా ఉన్నవాళ్లను చూడండి. డ్యాష్‌బోర్డ్ జాబితాలో దొంగ అకౌంట్‌ను దాచే కోడ్ ఉండొచ్చు, డేటాబేస్‌లో దాచలేరు. ఆప్షన్లు, పోస్టులు, కామెంట్లు, ప్లగిన్ సొంత టేబుళ్లు, అన్నిట్లో స్క్రిప్ట్ ట్యాగ్, ఆన్‌ఎర్రర్, ఫ్రమ్‌చార్‌కోడ్, అటాబ్, ఇవాల్ అనే మాటల కోసం వెతకండి. పోస్టులు ఒక్కటే చూసి ఊరుకోకండి, ట్యాగ్‌డివ్ దాడిలో కోడ్ ఆప్షన్ల టేబుల్‌లో దాక్కుంది.

ఫైళ్ల విషయంలో కోర్‌నూ, ప్లగిన్లనూ కొత్తగా డౌన్‌లోడ్ చేసి పెట్టడమే ఉత్తమం. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూల్) ఉంటే చెక్‌సమ్ తనిఖీతో మారిన ఫైళ్లు తెలుస్తాయి. థీమ్ ఫోల్డర్, ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్ (ఆపడానికి వీల్లేకుండా నడిచే ప్లగిన్లుండే చోటు), అప్‌లోడ్స్‌లో ఉండకూడని పీహెచ్‌పీ ఫైళ్లు, క్రాన్ జాబితా (వేళకు దానంతటదే నడిచే పనులు) మాత్రం చేత్తో చూడాల్సిందే. ఆఖరున కాన్ఫిగ్ ఫైల్‌లోని సీక్రెట్ కీలు, సాల్ట్‌లు మార్చండి. అప్పుడు దొంగ సెషన్లతో సహా అందరూ లాగౌట్ అవుతారు. ఆ తర్వాతే అడ్మిన్, డేటాబేస్, హోస్టింగ్ పాస్‌వర్డ్‌లు మార్చాలి. ఈ వరుస తప్పితే కొత్త పాస్‌వర్డ్ కూడా పాత స్క్రిప్ట్ చేతికే వెళుతుంది.

భారత్‌లో కంపెనీ తరఫునో ప్రభుత్వ సంస్థ తరఫునో నడిచే సైట్ అయితే ఇంకో పని ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాట్లను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. ఆ గడువులో మొత్తం దర్యాప్తు పూర్తి కాదు, తెలిసినంత వరకు రాసి పంపి, మిగతాది తర్వాత చేర్చొచ్చు.

మీకు మీరుగా ఏదైనా ప్లగిన్‌లో కొత్త లోపం కనిపెడితే దాన్ని అందరికీ కనిపించే సపోర్ట్ పేజీలో రాయొద్దు. ప్లగిన్ రాసినవాళ్లకు నేరుగా రాయండి. జవాబు రాకపోతే వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల బృందానికి కానీ, వర్డ్‌ఫెన్స్‌కో ప్యాచ్‌స్టాక్‌కో కానీ పంపితే వాళ్లు సంప్రదింపులు నడిపి, సీవీఈ నంబర్ కూడా ఇప్పిస్తారు. రిపోర్ట్‌లో ప్లగిన్ వెర్షన్, ఏ హోదాతో లాగిన్ అయ్యారు, ఏ పారామీటర్‌లో ఏం పెట్టారు, అది ఏ పేజీలో ఏ ట్యాగ్ లోపల ప్రింట్ అయింది, కోడ్‌లో ఏ ఫైల్ ఏ లైన్ అన్నవి రాయండి. ఏ ఎస్కేప్ ఫంక్షన్ పెడితే సరిపోతుందో కూడా చివర ఒక లైన్ చేర్చండి. తీరిక వేళల్లో ఉచితంగా ప్లగిన్ నడిపే మనిషికి ఆ ఒక్క లైన్ వల్ల ప్యాచ్ చాలా త్వరగా తయారవుతుంది.